రేవు వీధిలో విరిగిన బ్రేకు కమ్మీ

1896 ఫిబ్రవరిలో నన్ను బెజవాడ నుంచి ధవళేశ్వరం వర్కుషాపుకు ఓవర్సీరుగా బదిలీ చేశారు. ఓవర్సీరంటే ఇంజనీరుకూ మేస్త్రీలకూ నడుమ ఉండే ఉద్యోగి. పైన అసిస్టెంటు ఇంజనీరు దొర, కింద కొలుముల దగ్గర నలుగురు మేస్త్రీలు. కాలవ లాకుల గొలుసులు, తూము తలుపుల మరలు, సర్కారు పడవల చుక్కానులు విరిగి వస్తే అవి ఎందుకు విరిగాయో చూసి, మళ్లీ విరగకుండా చేయించడం నా పని. విరిగిన ఇనుమును చూడటం నేను రెండుచోట్ల నేర్చుకున్నాను. ఒకటి మద్రాసులో చదివిన కాలేజీ. రెండోది అమలాపురం దగ్గర మా ఊళ్లో మా నాన్న కొలిమి.

ఏప్రిల్ నెలాఖరున రాజమహేంద్రవరం నుంచి ఒక మేజిస్ట్రేటు గారి ఉత్తరం మా ఆఫీసుకు వచ్చింది. ఆ రోజుల్లో యంత్రం గురించో బండి గురించో కోర్టుకు అభిప్రాయం కావలసివస్తే పట్నంలో ప్రత్యేకంగా నిపుణులంటూ ఎవరూ ఉండేవారు కారు. మా శాఖకే రాసేవారు. దొర ఆ ఉత్తరం మీద ‘ఓవర్సీరు చూసి రిపోర్టు పంపవలెను’ అని రాసి నా బల్ల మీదికి పంపారు. అందులో ఒకటే ప్రశ్న ఉంది. గోడకు కొట్టుకున్న దెబ్బకే బండి భాగములు విరిగినవా, లేదా?

ప్రశ్న చూడటానికి అమాయకంగానే ఉంది. జతచేసిన పోలీసు చార్జి నకలు చదివాక గాని దాని లోతు తెలియలేదు.

ఏప్రిల్ నెల మధ్యలో ఒక సాయంత్రం ఐదు గంటలవేళ, జగన్నాథరాయుడు గారనే కలప వర్తకుడి రెండు గుర్రాల కోచి బండి రేవు వీధి వెంట గోదావరి వైపు దిగుతోంది. రాయుడుగారు మునిసిపల్ కౌన్సిలు మెంబరు కూడా. బండిలో ఆయనొక్కరే ఉన్నారు. తోలుతున్నవాడు మస్తాను, ఆయన దగ్గర పదకొండేళ్లుగా పనిచేస్తున్న కోచిమాను. వాలులో గుర్రాలు అదుపు తప్పాయి. బండి వీధి చివరి మలుపులో ఎడమవైపుకు తిరిగి, మిషన్ బడి పంతులు దేవసహాయం ఇంటి అరుగు మీదికి ఎక్కింది. అరుగు మీద పంతులు పిల్లల కాపీ పుస్తకాలు దిద్దుకుంటున్నాడు. ఆయన భార్య మార్తమ్మ చంటివాణ్ని ఒళ్లో వేసుకుని చింతపండు గింజలు తీస్తోంది. తొమ్మిదేళ్ల కూతురు రాహేలు తల్లికి సాయం చేస్తోంది. ఆ పిల్ల అక్కడికక్కడే చనిపోయింది. పంతులు కుడికాలు మోకాలి దగ్గర నలిగిపోయింది. తల్లీ చంటివాడూ గడప వైపు కూర్చుని ఉండటం వల్ల బతికారు.

చార్జి ప్రకారం తప్పంతా మస్తానుది. తాగి ఉన్నాడనీ, వాలులో కొరడా ఝళిపించాడనీ రాశారు. తాగి ఉన్నాడని చెప్పినవారు రాయుడుగారొక్కరే. శిక్షాస్మృతిలో 304-ఎ సెక్షను కింద కేసు. అజాగ్రత్తతో ప్రాణం తీసినవాడికి రెండేళ్ల దాకా ఖైదు వేయవచ్చునని ఆ సెక్షను అర్థం. గోడ దెబ్బకే బండి విరిగిందని నేను రాస్తే, అంతకుముందు బండి నిక్షేపంలా ఉన్నట్టు లెక్క. అప్పుడిక తప్పు తోలినవాడిది కాక మరెవరిదవుతుంది?

మర్నాడు పొద్దున్నే జట్కా కట్టించుకుని రాజమహేంద్రవరం వెళ్లాను. పోలీసు ఠాణా వెనక రేకుల కొట్టంలో బండిని ఉంచారు. నల్లగా నిగనిగలాడే కొత్త వార్నీషు. ముందు చక్రం ఆకులు ఊడిపోయాయి, నొగ చీలింది, మెట్టు వంగింది. ఇవన్నీ గోడ దెబ్బకు జరిగినవే. అందులో నాకు అనుమానం లేదు.

తరువాత వెనకవైపుకు వెళ్లి బ్రేకు చూశాను. కోచి బండికి బ్రేకు ఎలా ఉంటుందో తెలియనివారి కోసం చెబుతున్నాను. కోచిమాను కాలి దగ్గర ఒక మీట ఉంటుంది. దాన్నుంచి బండి అడుగున బొటనవేలు లావు ఇనుప కమ్మీ వెనక చక్రం దాకా పోతుంది. దాని చివర ఒక కొయ్య దిమ్మ. మీట తొక్కితే కమ్మీ లాగుతుంది, దిమ్మ చక్రాన్ని నొక్కి పడుతుంది. వాలులో బండి బరువును ఆపేది గుర్రాలు కావు, ఈ దిమ్మే. కమ్మీ తెగిందా, బండి వెళ్లి గుర్రాల వెనకకాళ్ల మీద పడుతుంది. వెనక నుంచి తన్నుకొచ్చే బండికి బెదరని గుర్రం లేదు.

కమ్మీ రెండు ముక్కలైంది. మీట వైపు ముక్క బండికే వేలాడుతోంది. దాని విరిగిన కొస చూసి నేను నిర్ఘాంతపోయాను. ఆ కొసను ఆకురాయితో అరగదీశారు. అద్దంలా మెరుస్తోంది. విరిగిన ఇనుముకు ముఖం ఉంటుంది. ఎప్పుడు విరిగిందో, ఒక్క దెబ్బకు విరిగిందో, కొంచెం కొంచెంగా విరిగిందో ఆ ముఖం చెబుతుంది. ఇక్కడ ఆ ముఖాన్నే చెక్కేశారు.

“దీన్ని అరగదీసిందెవరు?” అని హెడ్ కానిస్టేబుల్‌ను అడిగాను.

“రాయుడుగారి గుమాస్తా శేషయ్యగారండి. కొస పదునుగా ఉంది, ఎవరికైనా గీసుకుంటుందని చెప్పి మనిషిని తెచ్చి నున్నగా చేయించారండి” అన్నాడు, అదేదో పుణ్యకార్యం జరిగినట్టు.

“కోర్టు సొత్తు మీద ఆకురాయి వేస్తుంటే మీరు చూస్తూ నిలబడ్డారా?”

“పెద్దమనుషులండి. ఏమంటామండి?”

“రెండో ముక్క ఏదీ?”

“దొరకలేదండి. గోదాట్లో పడుంటుందండి.”

“బండి గోదావరిలోకి పోలేదు కదయ్యా. ఆ ముక్కొక్కటే నడుచుకుంటూ పోయిందా?”

పదునైన కొసల వల్ల జనానికి గాయమవుతుందని ఇంత బెంగ పెట్టుకున్న ఆ ఇంటివారు, అదే బండి కింద నలిగిన పంతులును ఆసుపత్రికి వెళ్లి ఒక్కసారైనా చూడలేదని తరువాత విన్నాను.

కొయ్య దిమ్మ మాత్రం చక్రం పక్కన అలాగే ఉంది. దాన్ని ముట్టుకోవాలని వాళ్లకు తోచలేదు. చక్రానికి తగిలే ముఖం నల్లగా మాడి ఉంది. గోటితో గీకితే బొగ్గు రాలింది. బలంగా, చాలాసేపు రాసుకుంటే తప్ప దిమ్మ అలా మాడదు. అంటే కోచిమాను బ్రేకు తొక్కి పట్టే వచ్చాడు. ఒళ్లు తెలియకుండా తాగి కొరడా ఝళిపించేవాడు బ్రేకు తొక్కడు. ఇది నోటుబుక్కులో రాసుకుని, హెడ్ కానిస్టేబుల్ చేత కింద సంతకం పెట్టించాను. దిమ్మను గుడ్డలో చుట్టించి లక్క ముద్ర వేయించాను.

విరిగిన వస్తువును చూసి, అది విరిగిన చోటు చూడకుండా రిపోర్టు రాయకూడదన్నది మా పనిలో మొదటి నియమం. అందుచేత రేవు వీధికి వెళ్లాను. అది గట్టిగా రెండు బండ్లు తప్పుకోలేని వీధి. రెండువైపులా అరుగుల ఇళ్లు, అరుగుల మీద మనుషులు. పైనుంచి మూడొంతులు ఓ మోస్తరు వాలు. ఆఖరి వంతు నిటారుగా రేవు మెట్ల మీదికే దిగుతుంది. మెట్లకు పాతిక గజాల ఇవతల ఎడమవైపు మలుపు, ఆ మలుపులో పంతులు ఇల్లు. అరుగు సగం కూలి ఉంది. ఇటుకల మధ్య ఇంకా చింతగింజలున్నాయి.

మార్తమ్మ బయటికి వచ్చింది. ముప్ఫై ఏళ్లుంటాయేమో. చంక‌లో చంటివాడు. నేను సర్కారు మనిషినని తెలియగానే ఆమె ముఖం బిగుసుకుంది.

“మళ్లీ వాంగ్మూలమా అండి? అరుగు మీద ఎందుకు కూర్చున్నారని మొన్న జమేదారు గారు అడిగారు. మా ఇంటి అరుగు మీద మేం కూర్చోటానికి ఎవర్నడగాలండి?”

నేను పోలీసును కాననీ, బండి ఎందుకు విరిగిందో చూడటానికి వచ్చాననీ చెప్పాను.

“మీరు ఎవరి తరఫునండి?”

“ఎవరి తరఫూ కాదమ్మా. ఇనుము సంగతి చూడమన్నారు. చూసి, ఉన్నది రాస్తాను.”

“రాయుడుగారి గుమాస్తా ముమ్మారు వచ్చాడండి. మొదట పరామర్శకేమో అనుకున్నాను. కాదండి. ఇక్కడేమన్నా ఇనపముక్క పడిందా అమ్మా అని అడిగాడు. లేదన్నాను. రెండోసారి వచ్చి అరుగు కింద వెతుక్కున్నాడు. మూడోసారి, ఆ ముక్క ఇస్తే మా ఖర్చు మీద పంతులుగారిని మద్రాసు పెద్దాసుపత్రికి పంపిస్తాం అన్నాడు. అప్పుడు తెలిసిందండి నాకు. నా పిల్ల పోతే ఒక్కసారి రానివాళ్లు, ఇనపముక్క కోసం ముమ్మారు వస్తున్నారంటే అందులో ఏదో ఉంది.”

ఆమె లోపలికి వెళ్లి, బియ్యం కుండలోంచి పాత గుడ్డ మూట తీసుకొచ్చి నా చేతిలో పెట్టింది. జానెడు కమ్మీ. విరిగిన ముఖం చెక్కు చెదరలేదు.

“ఇది పంతులుగారి పక్కన పడి ఉందండి. ఎవరికిద్దామా అని చూస్తున్నాను. పోలీసులకిస్తే గుమాస్తాకు పోతుందని భయం. మీకిస్తే ఎక్కడికి పోతుందండి?”

“మీ ఎదురుగానే ముద్ర వేస్తాను. మా దొర ఎదుట ఒకసారి చూసి మళ్లీ ముద్ర వేస్తాను. కోర్టులో మీ ఎదురుగానే విప్పుతారు.”

పొరుగింటి ఇద్దరు పెద్దమనుషుల్ని పిలిచి, వాళ్ల ముందు పంచనామా రాసి, వాళ్లచేత సంతకాలు చేయించి, ముక్కను చుట్టి లక్క ముద్ర వేశాను. మార్తమ్మ కూడా సంతకం చేసింది. చక్కని గుండ్రటి అక్షరాలు. నేను మెట్టు దిగబోతుంటే వెనక నుంచి అంది.

“ఆ మస్తాను బండిని మావైపు తిప్పాడండి. నేను చూశాను. పగ్గాలు రెండు చేతులా పట్టుకుని లేచి నిలబడి, తప్పుకోండి తప్పుకోండి అని అరుస్తూ ఇటు తిప్పాడు. అయ్యగారేమో పైన వాలులోనే దూకేశారు. వీడు దూకలేదు.” చంటివాణ్ని రెండో చంకకు మార్చుకుంది. “వాణ్ని తలచుకుంటే నా కడుపు రగిలిపోతోందండి. కాని దూకలేదన్నది నిజం.”

మేజిస్ట్రేటు గారి అనుమతి చీటీ తీసుకుని సబ్ జైలులో మస్తానును చూశాను. నలభై దాటిన మనిషి. ఎడమచెయ్యి విరిగితే కట్టు కట్టారు గాని సరిగా కట్టలేదు. ముంజేయి వంకరగా అతుక్కుంటోంది. కోచిమానుకు ఆ చెయ్యే అన్నం పెడుతుంది. నేను బ్రేకు సంగతి ఎత్తగానే గోడకు ఆనుకున్నవాడు ముందుకు వంగాడు.

“కమ్మీకి చీలిక ఉందండయ్యా. సంక్రాంతి ముందే చూశాను. అయ్యగారికి చెప్పాను. చూద్దాంలే అన్నారు. నాకు భయమేసి చీలిక మీద గట్టి తీగ చుట్టి బిగించాను. అలా రెండు నెలలు నడిపానండి. కౌన్సిలు మెంబరయ్యాక బండికి కొత్త వార్నీషు వేయించారు. తీగ విప్పెయ్యమన్నారు. విప్పితే ప్రమాదమండి అంటే, చెప్పింది చెయ్యి అన్నారు. విప్పేశాను.”

“ఇది పోలీసులకు చెప్పలేదా?”

“చెప్పానండి. రాసుకోలేదు.”

మరొకటి కూడా అడిగాను. అది నా పని కాకపోయినా అడిగాను. బండిని ఎందుకు ఎడమవైపుకు తిప్పావని.

“ఎదురుగా రేవండి. సాయంత్రం పూట ఆడవాళ్లు బిందెలతో మెట్ల నిండా ఉన్నారు. ఆ మెట్ల మీద పడితే ఎంతమంది పోదురో. అరుగు కనపడలేదండయ్యా. మలుపులో ఇంటిగోడ ఒక్కటే కనపడింది. గోడకు కొడితే నేను పోతాను, బండి ఆగుతుంది అనుకున్నాను.” కట్టు కట్టిన చేతిని ఒళ్లోకి తీసుకున్నాడు. “ఆ పిల్ల నన్ను చూసిందండి” అన్నాడు చివరికి.

వర్కుషాపుకు తిరిగి వచ్చి, దొర ఎదుటే ముద్ర విప్పి, ముక్కను భూతద్దం కింద పెట్టాను. చూడవలసినవి మూడు కనిపించాయి. విరిగిన ముఖంలో మూడింట రెండు వంతులు నల్లగా, తుప్పు పట్టి ఉంది. మిగిలిన వంతు మాత్రం కొత్త ఇనుములా బూడిదరంగులో మెరుస్తోంది. అంటే మూడింట రెండు వంతులు ఎన్నాళ్ల కిందటో తెగింది, చివరి వంతు ఆ సాయంత్రం తెగింది. ఇక ఆ పాత చీలిక లోపలికి వార్నీషు ఇంకి గట్టిపడి ఉంది. వార్నీషు వేసేనాటికి చీలిక లేకపోతే అది లోపలికి పోలేదు. ముక్క పైభాగాన, విరిగిన కొసకు ఆనుకుని, వార్నీషు కింద వరసగా సన్నటి ఒత్తుళ్లు కనిపించాయి. లెక్కపెడితే తొమ్మిది. గట్టి తీగ బిగించి చుడితే పడే గాట్లు అవి. వాటి మీదుగా వార్నీషు పూశారు.

మస్తాను జైలులో చెప్పిన ప్రతి మాటా ఆ జానెడు ఇనుము మీద రాసి ఉంది. పోలీసులు రాసుకోనిది ఇనుము రాసుకుంది.

రిపోర్టు చిత్తుప్రతి రాస్తున్న రోజునే రాయుడుగారు వర్కుషాపుకు వచ్చారు. ఎవరు చెప్పారో తెలియదు. మోచేతికి పట్టీ ఉంది. దూకినప్పుడు తగిలిన దెబ్బ. నేను లేచి కుర్చీ వేశాను. ఆయన చాలా మర్యాదగా మాట్లాడారు.

“ఓవర్సీరుగారూ, కోర్టువారు మిమ్మల్ని ఒక్క ప్రశ్నే అడిగారటండి. దానికి జవాబు రాస్తే సరిపోతుంది గదండి. గోడకు కొట్టుకుంటే బండి విరగదా అండి?”

“విరుగుతుందండి. విరిగింది కూడా. కాని బ్రేకు కమ్మీ గోడకు కొట్టుకోకముందే విరిగింది. గోడ దెబ్బకైతే వంగి ఉండేది, ఇది తిన్నగా లాగుడుకు తెగింది.”

“ఇనుమండి. ఎప్పుడో అప్పుడు విరుగుతుంది. దైవాధీనం. మనుషులేం చేస్తారు?”

“తీగ ఎందుకు విప్పించారండి?”

ఆయన తడుముకోకుండా జవాబు చెప్పారు. అంత సహజంగా చెప్పడమే నన్ను ఇప్పటికీ మండిస్తుంది. “బాగోదు గదండి. కొత్త వార్నీషేసిన కోచికి తీగచుట్లేంటండి, ఎడ్లబండికి కట్టినట్టు? కలెక్టరుగారి కచేరీకి వెళ్లే బండది.”

చెప్పాక ఆయనకే తెలిసింది ఏమన్నారో. లేచి, ఉత్తరీయం సర్దుకుని, “మీరు కొత్తగా వచ్చారు. ఇక్కడ పది కాలాలపాటు ఉండాల్సినవారు” అని వెళ్లిపోయారు. పక్క బల్ల దగ్గర మా పెద్ద మేస్త్రీ అంతా విన్నాడు. రాయుడుగారు ఏమన్నారో, ఏ గంటకు అన్నారో నేను ఆ క్షణమే కాగితం మీద పెట్టి మేస్త్రీ చేత సంతకం చేయించాను.

రిపోర్టు నాలుగు పుటలైంది. దొర రెండుసార్లు చదివారు. “నిన్ను అడిగింది ఒకటి, నువ్వు చెప్పింది నాలుగు” అన్నారు. కొట్టేస్తారేమోనని చూస్తున్నాను. ఒక్క మాట కూడా కొట్టలేదు. అడుగున తన సంతకం చేసి, ‘ఈ ముక్కను నేనును చూచితిని’ అని ఒక వాక్యం చేర్చి పంపించారు.

విచారణ జూన్ మొదటి వారంలో జరిగింది. రిపోర్టు చూశాక మేజిస్ట్రేటు గారు రాయుడుగారిని కూడా నిందితుడిగా చేర్చారు. రాయుడుగారి తరఫున పేరున్న వకీలు వచ్చారు. నన్ను బోనులో నిలబెట్టి గంటన్నర ప్రశ్నలు వేశారు. అన్నింటికన్నా ముందు వేసిన ప్రశ్న ఇనుము గురించి కాదు.

“మీ తండ్రిగారి వృత్తి ఏమిటండి?”

“కమ్మరమండి.”

“అంటే కొలిమి దగ్గర కొడవళ్లు చేసేవారన్నమాట.”

“అవునండి.”

కోర్టులో కొందరు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. కాని సాక్షి అడిగినదానికే జవాబు చెప్పాలి. బోనులో కోపం చూపించిన సాక్షి మాట తేలికైపోతుందని మా దొర ముందే హెచ్చరించారు. ఊరుకున్నాను. తరువాత భూతద్దం, ఆ ముక్క మేజిస్ట్రేటు గారి బల్ల మీద పెట్టి, వార్నీషు ఇంకిన చోటు, తీగ గాట్లు ఆయనకు చూపించాను. ఆయన వంగి, ఒక్కొక్క గాటూ వేలితో తడిమి చూశారు. వకీలు కూడా చూశారు. చూశాక మా నాన్న గురించి మళ్లీ ప్రశ్న వేయలేదు. వర్కుషాపులో రాయుడుగారు అన్న మాటలను మాత్రం వాళ్లు కాదన్నారు. నేను, మేస్త్రీ కలిసి కల్పించామన్నారు.

ఆ తరువాత మార్తమ్మను పిలిచారు. వకీలు గొంతు మెత్తన చేసుకుని అడిగారు.

“అమ్మా, ఈ మస్తాను బండిని తిన్నగా పోనివ్వకుండా, కావాలని మీ ఇంటివైపు తిప్పాడు. అవునా?”

“తిప్పాడండి.”

“అంటే మీ బిడ్డ చావుకు కారణం ఇతనేగా?”

ఆమె మస్తాను వైపు చూసింది. అతను తల వంచుకుని ఉన్నాడు.

“ఎదురుగా రేవు మెట్ల నిండా మనుషులున్నారండి. ఆ బండి మీద నేనున్నా తిప్పేదాన్నేనండి. ఇతను తిప్పడానికి ఆఖరి క్షణం ఉంది. ఆ బ్రేకు బాగుచేయించడానికి అయ్యగారికి మూడు నెలలున్నాయండి.”

వకీలు ఇక ప్రశ్నలు లేవన్నారు.

మస్తానును నిర్దోషిగా వదిలేశారు. అప్పటికి అతను సబ్ జైలులో నలభై ఏడు రోజులున్నాడు. రాయుడుగారి అజాగ్రత్త రుజువైందని మేజిస్ట్రేటు గారు తీర్పులో స్పష్టంగానే రాశారు. నా రిపోర్టులో వాక్యాలు రెండుచోట్ల ఉదహరించారు. అంతా చదివాక శిక్ష చెప్పారు. నిందితుని హోదా, ఇంతకుముందటి నడవడి దృష్టిలో పెట్టుకుని జరిమానా, దానితోపాటు కోర్టు లేచేదాకా సాదా ఖైదు.

ఆ శిక్ష ఎలా ఉంటుందో తెలియనివారికి చెబుతాను. రాయుడుగారు కోర్టు హాలులో గోడవారగా ఒక కుర్చీలో కూర్చున్నారు. బిళ్లబంట్రోతు విసనకర్ర తెచ్చి ఇచ్చాడు. గుమాస్తా శేషయ్య మరచెంబుతో మజ్జిగ తెచ్చాడు. నాలుగున్నరకు మేజిస్ట్రేటు గారు లేచారు, రాయుడుగారు కూడా లేచి ఇంటికి వెళ్లిపోయారు. ఒక పిల్ల ప్రాణానికి, ఒక మనిషి కాలికి, మరొక మనిషి చేతికి కలిపి చట్టం వేసిన ఖైదు ఆ కుర్చీలో మూడు గంటలు. కొస అరగదీయించిన సంగతి మీద, సాక్ష్యం చెరిపినందుకు వేరే కేసు పెట్టవచ్చునని చట్టంలో ఉంది. ఎవరూ పెట్టలేదు. నేను రాతపూర్వకంగా రెండుసార్లు గుర్తుచేశాను. రెండింటికీ జవాబు రాలేదు. నేను ఇరవై తొమ్మిదేళ్లు సర్కారు నౌకరీ చేశాను. జవాబు రాని ఉత్తరాలు చాలా రాశాను. ఆ రెండింటిని మాత్రం మరచిపోలేదు.

కోర్టు బయట వేపచెట్టు కింద మార్తమ్మ ఉంది. దగ్గరికి వెళ్లాను. “కుర్చీ వేశారండి ఆయనకి” అంది. పంతులుగారికి కాలు మోకాలి పైకి తీసేశారు. ఆరు నెలల తరువాత తణుకు దగ్గర ఒక పల్లెలో బడి ఇచ్చారు. కుర్చీలో కూర్చుని పాఠాలు చెప్పేవారని విన్నాను. మస్తాను మళ్లీ పగ్గాలు పట్టలేదు. పిఠాపురంలో ఉన్న తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయాడు. వెళ్లేముందు పంతులు ఇంటి ముందు దాకా వచ్చి, లోపలికి పిలిచినా రాకుండా, వీధిలోనే కాసేపు నిలబడి వెళ్లాడట.

ఈ కేసు తరువాత నా పనిపద్ధతి మారింది. అంతవరకు విరిగిన వస్తువును మాత్రమే చూసేవాణ్ని. బరువెంత, లావెంత, ఎక్కడ తెగింది అని. యంత్రం పాడైన సంగతి అందరికన్నా ముందు తెలిసేది దాన్ని నడిపేవాడికి. దాన్ని ఆపే అధికారం మాత్రం అతనికి ఉండదు. విరిగాక మొదట పట్టుబడేది కూడా అతనే, ఎందుకంటే అతను దూకి పారిపోడు, చేతికి దొరుకుతాడు. అందుచేత లాకు గొలుసు తెగినా, పడవ చుక్కాని ఊడినా, ముందుగా అక్కడ పనిచేసే మనిషిని పక్కకు పిలిచి, ‘ఇది చెడిందని ఎప్పుడు తెలిసింది, ఎవరికి చెప్పావు?’ అని అడగడం మొదలుపెట్టాను. అతని జవాబు అతని మాటల్లోనే రాసి, కింద అతనిచేత వేలిముద్ర వేయించేవాణ్ని. పైవాళ్లలో కొందరికి ఇది నచ్చలేదు. రిపోర్టులో ఇనుము గురించి ఉండాలి గాని మనుషుల గురించి ఎందుకని కోప్పడ్డారు. నేను మానలేదు. చెడిందని చెప్పినవాడి పేరు, విని ఊరుకున్నవాడి పేరు రెండూ పక్కపక్కన లేని రిపోర్టు మీద నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ సంతకం పెట్టలేదు.